తెరచాప కొయ్యకు కట్టిన రాజు

ఆ నాటకం మాట ఎవరైనా నవ్వుతూ ఎత్తితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. చూసినవాళ్ళకు అది ఒక సాయంత్రపు వేడుక. దాన్ని తెలుగులోకి తెచ్చి, నేర్పించి, దొర బంగళాకూ, లైన్లు అనే కూలీల గదుల వరసలకూ మధ్య తిరగలేక తిరిగినదాన్ని నేను.

అప్పుడు నేను మలాయాలో, కువాలా సెలంగోర్ నుంచి క్లాంగ్ పోయే రోడ్డు పక్కన ఒక రబ్బరు తోటలో పంతులమ్మని. మా నాన్న విశాఖపట్నం వైపు నుంచి వచ్చి, ఈ తోటలన్నీ తిరుగుతూ క్రీస్తు వాక్యం చెప్పేవాడు. నన్ను క్లాంగులో మిషను బడికి పంపాడు. అక్కడ ఇంగ్లీషు అబ్బింది. తెలుగు మా అమ్మ ఇంట్లో కూర్చోబెట్టి నేర్పింది. రెండు భాషలూ రావడమే నా నెత్తికి చుట్టుకుంది. జ్వరం వచ్చినా, తగువు వచ్చినా, దొరకు కోపం వచ్చినా "పంతులమ్మను పిలవండి" అనేవారు. బడిలో పిల్లలు పలకలు పట్టుకుని కూర్చునే ఉండేవారు, నేను ఆఫీసు అరుగు మీద ఒకరి మాట ఇంకొకరికి చెబుతూ నిలబడి ఉండేదాన్ని.

మా దొరసాని కొత్తగా పెళ్ళయి ఇంగ్లండు నుంచి వచ్చింది. మంచి మనిషే. బాగా చదువుకున్నది. పొద్దు పోక ఆ బంగళాలో తోచుబాటు లేక ఉండేది. మా తోటలో ఏటా ఒకసారి ఆటల పోటీలు పెట్టేవారు. చుట్టుపక్కల తోటల దొరలూ దొరసానులూ వచ్చి, కుర్చీల్లో కూర్చుని, కూలీల పరుగు పందాలు చూసి, టీ తాగి పోయేవారు. ఆ ఏడాది దానితోపాటు ఒక నాటకం కూడా ఉండాలని ఆమెకు బుద్ధి పుట్టింది.

నన్ను వరండాలో కూర్చోబెట్టి కథ చెప్పింది. గ్రీకు దేశంలో ఒక చిన్న దీవికి రాజు. ఎక్కడో పెద్ద యుద్ధానికి పోయి, గెలిచి, ఓడలు ఎక్కి ఇంటికి బయలుదేరాడు. ఇల్లు మాత్రం అందలేదు. ఒకచోట ఒక పండు తిని అతని మనుషులు ఇంటి ఊసే మరిచిపోయారు. ఒకచోట ఒంటికన్ను రాకాసి వాళ్ళను గుహలో పెట్టి, ఒక్కొక్కరినే తినడం మొదలుపెట్టాడు. ఒక మంత్రగత్తె మనుషులను పందులను చేసింది. పక్షుల ఒంటితో ఉన్న ఆడవాళ్ళు పాట పాడి ఓడలను రాళ్ళ మీదికి లాగేవారు. ఆ పాట వినాలని రాజు తనను తెరచాప కొయ్యకు కట్టించుకుని, తెడ్లు వేసేవాళ్ళ చెవుల్లో మాత్రం మైనం పెట్టించాడు. ఆ తర్వాత నీళ్ళను మింగి కక్కే సుడిగుండం, దాని పక్కనే ఆరు తలల భూతం. చివరికి వెంట వచ్చినవాళ్ళంతా పోయి, ఒంటరిగా ఇల్లు చేరాడు. భార్య ఏళ్ళ తరబడి కాచుకుని ఉంది.

"మీవాళ్ళు కూడా సముద్రం దాటి వచ్చినవాళ్ళే కదా, వాళ్ళకు చాలా నచ్చుతుంది" అంది దొరసాని.

నాకు కథ నచ్చింది. నచ్చలేదని అబద్ధం చెప్పను. ఆ తర్వాత జరిగినదే నాకు నచ్చలేదు.

మా లైన్లలో సగం మంది శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు వాళ్ళే. వాళ్ళలో వీధి భాగవతం ఆడే మేళం ఒకటి ఉండేది. దానికి పెద్ద, పొద్దున రబ్బరు చెట్లు గీసి సాయంత్రం అందరికీ దరువులు నేర్పే ఒక ముసలాయన. అందరూ ఆయన్ని గురువు అనేవారు. వయసులో ఉన్నప్పుడు సొంత ఊళ్ళో రాజు వేషాలు కట్టినవాడు, ఆ రాజసం దిగలేదు. గీసిన రబ్బరు పాలు తూకం వేయించుకుని, స్నానం చేసి, మా బడికి వచ్చి బల్ల మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

"పంతులమ్మగోరూ, ఈ రాజు ఏ వంశపోడు? గద పడతాడా, కత్తి పడతాడా?"

"ఆయనకు తెలివే ఆయుధం గురువుగారూ."

"తెలివిని జనానికి ఎలా సూపిత్తామమ్మా? గదైతే తిప్పుతాం."

పేరు ఆయన నోటికి తిరగలేదు. రెండు మూడుసార్లు ప్రయత్నించి, "ఓడ మీదొచ్చినోడు గదా, ఓడ రాజు అనీసుకుందాం" అన్నాడు. ఆ పేరే ఖాయమయింది. దొరసాని అసలు పేరే కావాలని పట్టుబట్టింది. నేను ఆమెతో ఆ పేరూ, వీళ్ళతో ఈ పేరూ పలుకుతూ నెట్టుకొచ్చాను.

రోజూ సాయంత్రం బడిలో అభ్యాసం. ఏదీ అనుకున్నట్టు సాగదు. ఇంటి ఊసు మరిపించే పండు సంగతి చెప్పగానే మేళమంతా గొల్లుమన్నారు. "అది పండు కాదమ్మా, మన తోట కల్లు!" అన్నాడొకడు. ఆ వేళ చూడడానికి వచ్చిన దొరసాని, ఎందుకు నవ్వుతున్నారని అడిగింది. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. తోటలో కల్లు దుకాణం నడిపేది దొరే. ఆమె మొహం ఎర్రబడింది. పండు తీసెయ్యమంది. పందుల ఘట్టం కూడా తీసెయ్యమంది, మలాయి ఊరి ముసల్మాను పెద్ద కూడా వస్తున్నాడు, బాగుండదు అని. మేళంవాళ్ళు అప్పటికే పందుల మూతులు చేసి పెట్టుకున్నారు. "పోనీ మేకలు సేత్తుందేటి ఆ మంత్రగత్తి?" అని వాళ్ళు బతిమాలారు. మేకలూ వద్దంది. మూతులు చేసినవాళ్ళు మూడు రోజులు నాతో మాట్లాడలేదు, తీయించింది నేనేనని.

గురువు ఒంటికన్ను రాకాసి వేషం తనకు పెట్టుకున్నాడు. బాగానే ఉంది. కానీ తెర వెనక నిలబడి తన పుట్టుపూర్వోత్తరాలు పాడుకుంటూ, కాలు ఒకసారి చూపి, చెయ్యి ఒకసారి చూపి, తెర దింపేసరికి అరగంట. దొరసాని గడియారం చూసి, "మూడు నిమిషాలు" అంది.

"మూడు నిమిసాలకి నా కాలు కూడా బయటికి రాదు" అన్నాడాయన. నేను అది తర్జుమా చెయ్యలేదు. "ప్రయత్నిస్తానంటున్నాడమ్మా" అన్నాను. అట్లాంటి మాటలు రోజుకు ఎన్ని చెప్పానో!

రాజు వేషానికి నేను ఒక కుర్రాణ్ణి అనుకున్నాను, మంచి గొంతు, చురుకైన మనిషి. అతనికి సగం పదాలు వచ్చాక ఒక సాయంత్రం కంగాణి బడికి వచ్చాడు. ఈ కూలీలందరినీ తన ఊరి చుట్టుపక్కల నుంచి ఓడ ఎక్కించి తెచ్చినవాడు ఆయనే. వాళ్ళ పనీ, లీవూ, గదీ, అన్నీ ఆయన నోటి మాట మీద నడిచేవి. కోటు తొడుక్కుని, గుమ్మంలోనే నిలబడి చెప్పాడు:

"దొరగారితో మాటాడేసినాను. రాజు నేనే."

"పదాలు చాలా ఉన్నాయండి, రోజులు తక్కువ ఉన్నాయి" అన్నాను.

"బోలే లా" అన్నాడు, చెయ్యొచ్చులే అన్నట్టు మలాయి మాటలో. "నువ్వు పక్కనుండి అందిస్తే నేను అంటాను."

కుర్రాడు కిరీటం తీసి బల్ల మీద పెట్టి, తెడ్లు వేసే ముగ్గురి పక్కన నాలుగోవాడుగా వెళ్ళి కూర్చున్నాడు. నేను బంగళాకు పోయి చెప్పి చూశాను. "కంగాణి పెద్దమనిషి కదా, రాజుగా బాగుంటాడు" అంది దొరసాని.

ఆ మర్నాడే గురువు నన్ను అడిగాడు: "ఎంట తెచ్చినోళ్ళంతా సముద్రం పాలై, తానొక్కడే ఇంటికి సేరతాడా ఈ రాజు?"

"అవును."

"అయితే ఏసం సరిగ్గా కుదిరింది లెండి."

ఎవరూ నవ్వలేదు. అడవి కొట్టి తోట వేసిన మొదటి ఏళ్ళలో జ్వరాలతో వాళ్ళలో ఎందరో పోయారు. గురువు భార్య కూడా అప్పుడే పోయింది. కంగాణి మాత్రం రెండుసార్లు ఊరెళ్ళి, పెంకుటిల్లు కట్టుకుని, ఇంకొందరిని తోడు తెచ్చుకుని వచ్చాడు. నేను గబగబా సుడిగుండం ఘట్టం ఎత్తుకోమన్నాను.

అసలు గొడవ చివరి ఘట్టం దగ్గర వచ్చింది. కథంతా ఆడితే టీ వేళ దాటిపోతుంది. సుడిగుండంతో ఆపేద్దాం, గండాలే కదా చూడడానికి బాగుండేది అని దొరసాని తేల్చేసింది. అది చెప్పగానే గురువు చేతిలో తాళాలు కింద పెట్టేశాడు.

"ఇంటికి ఎల్లడా?"

"వెళ్తాడు గురువుగారూ, మనం అది చూపించం. అంతే."

"నడి సముద్రంలో ఒగ్గేసి మంగళం పాడతామా? అలాటి కత ఆడితే మేళానికి మంచిది కాదు. నేనాడను. నా పిల్లల్నీ ఆడనివ్వను."

"టైము లేదండి."

"నా రాకాసిని తీసీండి. రాజుని ఇంటికి పంపండి."

ఆ వేషం కోసం అంత రాద్ధాంతం చేసిన మనిషి ఆ మాట అన్నాడంటే ఇక కదలడని నాకు అర్థమైంది. మళ్ళీ బంగళా మెట్లెక్కాను. కథకు ఇల్లు చేరడం ఎంత ముఖ్యమో నాకు వచ్చిన ఇంగ్లీషులో చెప్పాను, వాళ్ళ నమ్మకం చెప్పాను. ఆమె ముచ్చటపడింది. "ఎంత బాగా అన్నాడు! సరే, రెండు నిమిషాలు ఇస్తాను" అంది. రాజు గుమ్మంలోకి వస్తాడు, రాణి కాళ్ళు కడుగుతుంది, మంగళం. అంతే. గురువు రాణి వేషం తానే వేస్తానన్నాడు. రాకాసి అయ్యాక పసుపు చీర కట్టుకుని వస్తాడట. తలపట్టుకున్నాను గాని, ఒప్పుకున్నాను.

ఇక మైనం. తోటలో మైనం ఎక్కడ దొరుకుతుంది? చెట్టు గాట్లలో ఎండి అంటుకున్న రబ్బరు పాలు పీకి, చిన్న ఉండలు చుట్టి తెచ్చారు కుర్రాళ్ళు. చెవుల్లో పెట్టుకుంటే నిజంగానే ఏమీ వినపడదు. నేనే పరీక్షించి చూశాను. "రాజు విప్పమని అరిచినకొద్దీ ఇంకా గట్టిగా కట్టాలి, అది కథ" అని నలుగురికీ నేనే మళ్ళీ మళ్ళీ చెప్పాను.

ఆటల రోజు వాన రాలేదు. బంగళా ముందు గడ్డి మైదానంలో ఒక పక్క కుర్చీలు, ఇంకో పక్క నేల మీద లైన్ల జనం. పరుగులయ్యాయి, తాడులాగుడయింది. నాటకం మొదలైంది. గురువు రాకాసి పావుగంట తినేశాడు. దొరసాని రెండుసార్లు నా వైపు చూసింది, నేను చూడనట్టు తల తిప్పుకున్నాను. కంగాణికి ఒక్క పదం రాదు. తన కోటుతోనే, కిరీటం పెట్టుకుని హుందాగా నిలబడితే, నేను తెర పక్క నుంచి పదం అందిస్తే, అందులో సగం అనేవాడు.

పాడే ఆడవాళ్ళ ఘట్టం వచ్చింది. కొబ్బరి మాను ఒకటి నిలబెట్టి తెరచాప కొయ్య అన్నాం. రబ్బరు ఉండలు చెవుల్లో పెట్టుకుని నలుగురూ కంగాణిని దానికి కట్టారు, కొబ్బరి తాడుతో. ముగ్గురు మగవాళ్ళు చీరలు కట్టి, రెక్కలు తగిలించుకుని పాట ఎత్తుకున్నారు. రాజు "విప్పండి" అన్నాడు. కుర్రాళ్ళు లేచి ఒక చుట్టు బిగించారు. జనం నవ్వారు. "విప్పండి" అన్నాడు మళ్ళీ. ఇంకో చుట్టు.

పాట అయిపోయింది. రెక్కలవాళ్ళు లోపలికి పోయారు. తెడ్లు వేసే నలుగురూ తెడ్లు వేస్తూనే ఉన్నారు.

"చాలు, విప్పండ్రా!" అన్నాడు కంగాణి. అది నేను అందించిన పదం కాదు.

లేచారు. బిగించారు. మొహంలో ఏ భావమూ లేదు. కొబ్బరి తాడు కోటు మీద నుంచి కూడా ఒరుసుకుంటోంది కాబోలు, ఆయన మొహం కందిపోయింది. అమ్మనీ అక్కనీ తిట్టాడు, తెలుగూ అరవమూ మలాయీ కలిపి. ఒక్కొక్క తిట్టుకూ ఒక చుట్టు. లైన్ల జనం నవ్వడం మానేశారు. ముందుకు వంగి చూస్తున్నారు. ఆడవాళ్ళు కొందరు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. కుర్చీల్లో మాత్రం ఒకటే చప్పట్లు. "అద్భుతం! నిజంగా తట్టుకోలేకపోతున్నట్టే ఉంది!" అని ఎవరో దొర అన్నాడు.

నేను తెర పక్క నుంచి చేతులు ఊపాను. కుర్రాళ్ళు నా వైపు చూడనే లేదు. చివరికి గురువు, సగం కట్టిన పసుపు చీరతో, బుగ్గన రాకాసి రంగు ఇంకా పోకుండానే బయటికి వచ్చి, కొడవలితో తాడు కోసేశాడు. కంగాణి కిరీటం తీసి నేలకేసి కొట్టి, మైదానం దాటి వెళ్ళిపోయాడు. దొరసాని లేచి నిలబడి, నాటకం అయిపోయింది, టీకి రండి అంది. కుర్చీలు కదిలాయి. గురువు కాళ్ళు కడిగే చెంబు పట్టుకుని అక్కడే నిలబడ్డాడు.

"ఇంకా ఉన్నాదని సెప్పండమ్మా" అన్నాడు నాతో.

ఎవరికి చెప్పను? ఇంటికి రావలసిన రాజే వెళ్ళిపోయాడు.

మర్నాడు ఆఫీసులో పంచాయితీ. దొర అడిగాడు, నేను తర్జుమా చేశాను. నలుగురూ చేతులు కట్టుకుని ఒకే మాట: "సెవుల్లో రబ్బరుంది దొరా, ఏటీ ఇనబడనేదు. అరిచినకొద్దీ బిగించమని పంతులమ్మగోరే సెప్పినారు." చెప్పానా? చెప్పాను. దొర బల్ల చరిచి నవ్వాడు. కంగాణి నవ్వలేదు. వాళ్ళ వైపు చూడలేదు, నా వైపు చూశాడు. ఆ నెల నుంచి బడికి నీళ్ళు మోసే మనిషి రావడం మానేసింది. పెద్ద పిల్లలను రబ్బరు పాలు మోయడానికి పంపించేశారు. అడిగితే, పని ఎక్కువగా ఉంది అనేవాడు కంగాణి.

అంతలో రబ్బరు ధర పడిపోయింది. సగం చెట్లు గీయడం ఆపేశారు. పని లేని కూలీలను ఓడలెక్కించి స్వదేశానికి పంపుతున్నారని మొదట క్లాంగులో అనుకున్నారు, తర్వాత ఆ వంతు మా తోటకే వచ్చింది. ఎవరు ఉండాలో ఎవరు పోవాలో దొర కంగాణిని అడిగాడు. తెడ్లు వేసిన నలుగురూ పోవాలి. గురువూ పోవాలి.

గురువు బడికి వచ్చాడు. ఈసారి బల్ల మీద కూర్చోలేదు.

"పంతులమ్మగోరూ, దొరసానమ్మకి ఒక్క మాట సెప్పండి. నేనెల్లను. అక్కడ నాకెవురున్నారు? అన్నదమ్ములు పోనారు. మా ఇంటిది ఈ మట్టిలో ఉన్నాది. కూతురు గుంట కువాలా సెలంగోర్ తోటలో కాపురం సేసుకుంటన్నాది. నేను అక్కడికెల్లి ఎవురి గుమ్మంలో నిలబడను?"

ఆయన గొంతులో ఆ దైన్యం నేను అంతకు ముందు వినలేదు. అప్పటికప్పుడు బంగళాకు వెళ్ళాను. దొరసాని శ్రద్ధగా విన్నది. విని, తల ఒక పక్కకు వంచి, నిజంగా అర్థం కాక అడిగింది:

"కానీ ఇంటికి చేరాలని అంత పట్టుబట్టింది ఆయనే కదా? నువ్వే వచ్చి చెప్పావు. ఇంటికి చేరని కథ వాళ్ళకు మంచిది కాదని."

"అది నాటకంలో అమ్మా."

"ఓడ ఖర్చు కూడా పెట్టుకోనక్కరలేదు. సంతోషించాలి కదా."

 ఇక్కడే ఆయన ఇల్లు అని చెప్పాను. కూలీ లైనులో ఒక గది, ఆరిపోయిన పొయ్యి, అది తోటవాళ్ళదే. దాన్ని ఇల్లు అంటే ఇంగ్లీషులో నా చెవికే తేలికగా వినిపించింది. ఇంకా ఏదో అనబోయాను. దొర భోజనానికి వచ్చాడు. ఆమె లేచింది.

కూలీల మంచిచెడ్డలు చూసే ఆఫీసు ఒకటి క్లాంగులో ఉందని విన్నాను. బడికి సెలవు చెప్పి, పొద్దునే బస్సెక్కి వెళ్ళాను. ఆఫీసరు తోటల మీదికి వెళ్ళాడు, వస్తాడు అన్నాడు బంట్రోతు. బెంచీ మీద కూర్చున్నాను. మధ్యాహ్నం అడిగితే వస్తాడు అన్నాడు. సాయంత్రం తలుపులు మూస్తూ, సోమవారం రమ్మన్నాడు. బస్సులో వస్తున్నంతసేపూ సోమవారం ఏం చెప్పాలో మాటలు కూర్చుకుంటూనే ఉన్నాను. తోటలో దిగేసరికి లైన్లలో అయిదు తలుపులు బార్లా తీసి ఉన్నాయి. ఓడ ముందుగా వచ్చిందట. మధ్యాహ్నమే లారీ వచ్చి అందరినీ రేవుకు తీసుకుపోయింది. నేను క్లాంగులో బెంచీ మీద కూర్చున్నప్పుడు ఆ లారీ ఆ వీధినే పోయి ఉంటుంది.

నేను సోమవారం కూడా వెళ్ళాను. ఆఫీసరు దొరికాడు. మర్యాదగానే మాట్లాడాడు. ఓడ వెళ్ళిపోయింది కదమ్మా అన్నాడు.

ఆ వారంలోనే గురువు కూతురు వచ్చింది. చంకలో బిడ్డతో, ఎండన పడి, కువాలా సెలంగోర్ వైపు నుంచి. ఎవరో చెబితే తెలిసిందట. తలుపు తీసి ఉన్న గది చూసి, నేరుగా బడికి వచ్చింది. మంచినీళ్ళు ఇచ్చాను. తాగింది. బిడ్డకు తాగించింది.  పిల్లలు ఎక్కాలు చదువుతూ ఆగిపోయి ఆమెనే చూస్తున్నారు.

"ఎలా ఎల్లినాడమ్మా మా అయ్య? ఏడుసుకుంటా ఎల్లినాడా, మామూలుగా ఎల్లినాడా?"

"నేను చూడలేదమ్మా. క్లాంగు వెళ్ళాను, ఆయన పని మీదనే" అన్నాను.

"ఎవురైనా సూసినారా?"

పక్క లైను ఆవిడను పిలిపించాను. ఆవిడ కూడా పనిలో ఉందట. లారీ చప్పుడు విందట, అంతే. ఆ పిల్ల తల ఊపింది. బిడ్డను ఆ చంక నుంచి ఈ చంకకు మార్చుకుని, చీకటి పడేలోగా బస్సు అందుకోవాలంటూ లేచింది. రోడ్డు దాకా తోడు వెళ్ళాను. బస్సు నిండుగా వచ్చి ఆగకుండా పోయింది. ఇంకొకటి వస్తుందేమోనని ఇద్దరం అక్కడే నిలబడ్డాం.